కిటికీలో పసుపు మంట

"మంటేదమ్మా?" అన్నాడు మేనేజరు, టర్బైనుకున్న చిన్న గాజు కిటికీలోంచి తొంగిచూస్తూ. పొద్దుట్నుంచీ అలా అడగడం అది నాలుగోసారి.

"ఉంది సార్. హైడ్రోజన్ మంట పగటిపూట కంటికి ఆనదు."

"పెళ్లికి పిలిచి పెళ్లికూతుర్ని చూపించకపోతే ఎలా? పదిన్నరకి వీధి కమిటీ వాళ్లొస్తారు. ఖాళీ కిటికీ చూసి చప్పట్లు కొడతారా?"

ఫిట్టరు బాబాయి కిసుక్కున నవ్వాడు. పెళ్లై నలభై రోజులే అయిన ఈ ఇంజినీరమ్మను షెడ్డులో అందరూ పెళ్లికూతురనే పిలుస్తారు. మామూలుగా అయితే ఆమె కూడా నవ్వేది. ఈవేళ నవ్వు రాలేదు.

రెండు తలుపుల బీరువాకంటే పెద్దది కాదు ఆ టర్బైను. వీధిలో ఇళ్ల కప్పుల మీది సోలార్ పలకలు నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీస్తాయి. దాన్ని మండిస్తే వచ్చే కరెంటుతోనే బేకరీ, లాండ్రీ, చివరనున్న క్లినిక్‌లో కిడ్నీ రోగుల యంత్రాలు నడుస్తాయి. ఇన్నాళ్లూ మామూలు గ్యాసు కలిపి నడిపారు. పూర్తిగా హైడ్రోజన్ మీద ఇదే మొదటి రోజు. ఆ మంటకు తొందరెక్కువ. సందు దొరికితే వెనక్కి పరిగెత్తి గొట్టంలోనే కూర్చుంటుంది. అది వెనక్కి రాకుండా సూదిమొన బెజ్జాల పలకను రెండేళ్లు తంటాలుపడి తయారుచేసింది ఆమె. టర్బైను దెబ్బతింటే మళ్లీ ఆ పాత డీజిల్ జనరేటరే గతి. ఆరేసిన బట్టల మీద మళ్లీ మసే.

"మీ ఇష్టం సార్. కనపడనిదాన్ని నేను కనపడేలా చెయ్యలేను," అని చీపురు అందుకుంది.

ఆ షెడ్డులో చీపురుతో ఊడవరు. పొడవాటి కర్రకు కట్టి, పైపుల అతుకుల ముందు మెల్లగా తిప్పుతారు. ఎక్కడైనా హైడ్రోజన్ కారి అంటుకుంటే కంటికి కనిపించదు కనుక, మనిషికంటే ముందు చీపురు కాలాలి. పెరట్లో సిలిండర్ల దగ్గర్నుంచి ఒక్కో అతుకూ చూసుకుంటూ ఇరవై నిమిషాలకు తిరిగొచ్చింది.

కిటికీలో మంట కనిపించింది. చిక్కటి పసుపు రంగులో, బ్రహ్మాండంగా.

పలక కాలుతోందా? మీటర్లవైపు పరిగెత్తింది. వేడి, ఒత్తిడి, వేగం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు గాలి లోపలికెళ్లే గొట్టం దగ్గర కనిపించింది అసలు సంగతి. ఫిల్టరుకు వెనకున్న మూత తీసి ఉంది. పక్కనే మొక్కలకు నీళ్లు చల్లే పిచికారీ, ప్లాస్టిక్ బకెట్టు.

బకెట్లో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. ఉప్పు.

"ఎవరు చేశారిది?"

"నేనేనమ్మా," అన్నాడు మేనేజరు ఛాతీ విరుచుకుని. "స్కూల్లో చదివిన ముక్క గుర్తొచ్చింది. ఉప్పు పడితే మంట పసుపు రంగులోకి తిరుగుతుందని. చూడు, ఎంత ముద్దుగా ఉందో!"

"ముద్దా? కాలుతున్న టర్బైను రెక్కల మీద ఉప్పు పేరుకుంటే లోహాన్ని తినేస్తుంది సార్! ఎంతసేపు కొట్టారు?"

"పదినిమిషాలుంటుందేమో. గుప్పెడు ఉప్పుకి ఇంత రాద్ధాంతమా?"

"బాబాయ్, నువ్వు చూస్తూ ఊరుకున్నావా?"

"వద్దనే అన్నాను తల్లీ. నన్ను టీకి పొమ్మన్నారు," అని ఫిట్టరు తల దించుకున్నాడు.

ఆమె ఎర్ర బటన్ వైపు నడిచింది. మేనేజరు అడ్డొచ్చాడు.

"వాళ్లు గేటు దగ్గరకొచ్చేశారు. అరగంట ఓపిక పట్టు. ఇప్పుడు ఆపితే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

"రేపటి మాట రేపు చూద్దాం సార్. పక్కకి జరగండి."

జరగలేదు. ఆమె చీపురు కర్రను ఆయన చంక కిందుగా పోనిచ్చి బటన్ నొక్కింది. టర్బైను ఈల దిగిపోయి, షెడ్డంతా మూగబోయింది. క్షణంలో వీధి చివర డీజిల్ జనరేటరు దగ్గుతూ లేచింది.

సరిగ్గా అప్పుడే కమిటీవాళ్లు లోపలికొచ్చారు. వాళ్ల వెనకే ఆమె భర్త. పక్క బేకరీ అతనిదే. చెవి మీద పిండి, చేతిలో వేడివేడి బన్నుల ట్రే.

"ఏం మేడమ్ గారూ, నేను రాగానే ఆపేశారే?" అన్నాడు నవ్వుతూ. బకెట్టు చూసి, "అరె, నా ఉప్పు చాలిందా సార్?" అన్నాడు.

ఆమె మెల్లగా అతనివైపు తిరిగింది. "నువ్విచ్చావా?"

"అడిగారు, ఇచ్చాను. బన్నుకి వేస్తాం కదా, మంటకేమవుతుందిలే అనుకున్నా..."

"ఒక్కమాట నన్ను అడగలేకపోయావా? గోడ అవతలే కదా చచ్చింది నేను!"

చెవి మీద ఆ పిండి మరక ఇంకోరోజైతే ఆమెకు ఎంత ముద్దొచ్చేదో. ఇవాళ మాత్రం తుడిచేయాలనిపించింది, గరుకు బట్టతో.

కమిటీ అధ్యక్షురాలు రిటైరైన నర్సు. "ఏమైందమ్మా?" అని ఆమెనే అడిగింది. మేనేజరు నోరు తెరిచేలోపే ఆమె మొత్తం చెప్పేసింది. పరీక్షల బల్ల మీదున్న చిన్న బర్నరు వెలిగించింది. ఏమీ కనపడలేదు. చీపురు దగ్గరకు తీసుకెళ్లింది. గాల్లోనే భగ్గుమంది. అందరూ రెండడుగులు వెనక్కి వేశారు.

"ఇదండీ మా మంట. పొగ రాదు, మసి రాదు, కనపడదు. దీనికి రంగు పూసి చూపించాలంటే నావల్ల కాదు."

"మరి నడుస్తుందా మళ్లీ?" అంది అధ్యక్షురాలు.

"చల్లారాక కడగాలి. రెక్కలు బాగుంటే సాయంత్రానికి నడుస్తుంది."

"అయితే సాయంత్రమే వస్తాం." ఆవిడ మేనేజరుకేసి చూసి, "మీరు కాస్త నాతో రండి," అని బయటికి తీసుకెళ్లింది.

మధ్యాహ్నమంతా భర్తచేత లాండ్రీ నుంచి ఉప్పు తీసిన నీళ్లు మోయించింది. పన్నెండు బకెట్లు. ఫిట్టరు టర్బైనును మంట లేకుండా ఉత్తగా తిప్పుతుంటే ఆమె నీళ్లు పోసింది. బయటికొచ్చిన నీటిని భర్త వేలితో తాకి నాకి, "ఇంకా ఉంది," అన్నాడు. ఉప్పు కొలిచే మీటరు కూడా అదే అంది. నాలుగోసారి "లేదు," అన్నాడు. మీటరూ లేదంది. సన్నని కెమెరా గొట్టం లోపలికి పంపి ఒక్కో రెక్కా చూసింది. గీత పడలేదు.

ఆరింటికి కమిటీవాళ్ల ముందు ఈల మళ్లీ మొదలైంది. జనరేటరు దగ్గు ఆగింది. బేకరీ కిటికీలో దీపం మిణుక్కుమని నిలబడింది. టర్బైను కిటికీలో ఏమీ లేదు.

"కోపం పోయిందా?" అన్నాడు భర్త మెల్లగా.

"లేదు. ఆ బన్ను ఇటియ్యి."