పచ్చకంచె అవతల ఎడ్మే

పొద్దున లేవగానే జిస్లేన్ చేసే మొదటి పని వంటింటి కిటికీ తలుపులు బార్లా తెరవడం. పక్కింటి ఎడ్మే కూడా అదే వేళకి తన కిటికీ తెరిచేది. ఇద్దరి భర్తలూ పోయారు, ఇద్దరికీ డెబ్బై దాటాయి, పైగా ఎడ్మేది ఎప్పుడేం చేస్తుందో తెలియని గుండె. కిటికీ తెరుచుకుందంటే మనిషి క్షేమం. తెరుచుకోకపోతే రెండో మనిషి పరిగెత్తుకెళ్లి చూడాలి. నోరు విడిచి ఎప్పుడూ అనుకోలేదు గాని, ఏళ్ల తరబడి నడిచిన ఒప్పందమది. ఒకరికొకరు చెయ్యూపుకున్నాకే కాఫీ పెట్టుకునేవాళ్లు.

ఈ వేసవిలో మాత్రం కిటికీ తెరిస్తే జిస్లేన్‌కి కనబడేదల్లా కంచె.

వాళ్లుండే క్లెర్‌బువా ఊళ్లో ఇళ్ల మధ్య గోడలుండవు, పచ్చకంచెలే. ఇరుగుపొరుగు మధ్య మాటలు ఆగిపోతే కంచె పెరుగుతుంది, కలిసిపోతే తగ్గుతుంది. కత్తిరించినా తెల్లారేసరికి మళ్లీ అంతే. కాబట్టి ఎవరికి ఎవరితో చెడిందో ఎవరూ దాచుకోలేరు, రొట్టెల కొట్టు దగ్గర అందరూ లెక్క తేల్చేస్తారు. భార్యతో పడని డాక్టరుగారికైతే భోజనాల గదిలోనే మొలిచింది. ఆయన దాని పక్కనే కుర్చీ వేసుకుని భోంచేస్తాడు.

వీళ్లిద్దరికీ చెడింది ఇళ్ల గురించి. ఊళ్లో తక్కువ అద్దె ఇళ్లు కట్టండి మహాప్రభో అని ప్రభుత్వం మొత్తుకుంటూనే ఉంది. క్లెర్‌బువా పెద్దమనుషులు కట్టనందుకు ఏటా నవ్వుతూ జరిమానా చెల్లిస్తారు గాని ఒక్క ఇటుక పడనివ్వరు. చెట్లు పోతాయని వాళ్ల బాధ. అలాంటి ఊళ్లో ఉండి ఎడ్మే, తన తోటలో వెనక సగం ఆ ఇళ్లకి ఇచ్చేస్తానంది. మర్నాడే రొట్టెల కొట్లో దానికి వ్యతిరేకంగా అర్జీ వెలిసింది. జిస్లేన్ సంతకం పెట్టింది.

"నువ్వు కూడానా?" అంది ఎడ్మే, గేటు దగ్గర నిలబెట్టి.

"నా కిటికీ ఎదురుగా మూడంతస్తులు లేస్తే, నేనేం చూసుకుంటూ బతకాలి?"

"ఇన్నాళ్లూ నన్ను చూసుకుంటూ బతికావుగా."

"నీతో వాదించలేను తల్లీ. పేదవాళ్ల మీద అంత ప్రేమ కారిపోతుంటే నీ పడగ్గదిలో పెట్టుకో."

అన్నాక జిస్లేన్‌కే సిగ్గేసింది. కానీ తప్పయిందనడం వాళ్ల ఇంటావంటా లేదు. కంచె ఈస్టర్ నాటికి భుజం దాకా వచ్చింది, జూన్‌లో కిటికీని మింగేసింది.

మేయరు ఆఫీసు నుంచి కోర్బ్యో అనే గుమస్తా వచ్చి, కంచెకేసి తలెత్తి చూసి నిట్టూర్చాడు.

"రెండు మీటర్లు దాటకూడదు మదాం. కత్తెర వల్ల కాదని మీకూ తెలుసు. వెళ్లి ఓ మాట పలకరించరాదూ?"

"నేనే ఎందుకు? ఆవిడకి నోరు లేదా?"

"ఆవిడ దగ్గర్నుంచే వస్తున్నా. 'మా జిస్లేన్‌కి కోపం తగ్గిందా' అని అడిగారు."

జిస్లేన్ ఓసారి కంచెకేసి చూసింది. అయినా, "చూద్దాం లెండి," అని తలుపేసుకుంది.

ఆగస్టులో ఊరంతా సముద్రం ఒడ్డుకి తరలిపోయింది. రొట్టెల కొట్టుకీ తాళమే. ఎండ నిప్పులు చెరిగింది. ఓ సాయంత్రం జిస్లేన్ కావాలనే చుట్టు తిరిగి ఎడ్మే ఇంటి ముందు నుంచి నడిచింది. వీధి వైపు కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. ఎండకి మూసుకుందా, ఊరెళ్లిందా? గంట కొడితే తేలిపోయేది. కానీ పిలవని ఇంటి గంట కొట్టడం క్లెర్‌బువాలో దొంగతనం కన్నా సిగ్గుచేటు. చెల్లెలి దగ్గరికి చెక్కేసి ఉంటుంది, ఓ మాటైనా చెప్పకుండా, అనుకుంది. అలిగి ఇంటికొచ్చేసింది.

ఆ అలక నాలుగు రోజులు కూడా నిలవలేదు. ఓ పొద్దున కిటికీ తెరిచి, పరధ్యానంగా ఆకులకేసి చెయ్యూపింది. ఊపిన చెయ్యి అలాగే ఆగిపోయింది. భయమేసింది. ఊళ్లోనే ఉంటే? ఆ కిటికీ తెరుచుకోకపోతే? చెప్పులైనా తొడుక్కోకుండా తోటలోకి నడిచి కంచె ముందు నిలబడింది.

"ఎడ్మే, ఉన్నావా?"

ఆకు కదల్లేదు.

"ఎండలు చూశావా? నా గులాబీలన్నీ మాడిపోయాయి."

కబుర్లకి లొంగే కంచె కాదది. జిస్లేన్ ఆకులకి ఇంకా దగ్గరగా జరిగింది.

"ఆ రోజు నేనన్నది పాపిష్టి మాట, ఎడ్మే. ఆ సంతకం కూడా అందరూ చూస్తున్నారని పెట్టాను, అంతకన్నా ఏం లేదు. నన్ను క్షమించు. నువ్వు కనబడకపోతే నాకు పొద్దున్నే లేవబుద్ధి కావడం లేదే."

కొమ్మలు గలగలమంటూ పక్కకి తప్పుకున్నాయి. గోడంత మందం కదా, సాయంత్రం దాకా బతిమాలాలేమో అనుకుంది. తీరా చూస్తే జానెడే ఉంది. అవతలి నుంచి ఎవరో దాన్ని ఎప్పుడో తొలిచేశారు. కంచె నడిబొడ్డున చిన్న గదిలా ఖాళీ ఏర్పడింది. అందులో ఇనపకుర్చీ వేసుకుని, ఇటువైపు మొహం పెట్టి ఎడ్మే కూర్చుని ఉంది. రోజూ వచ్చి, రోజూ మాట్లాడి, మాటకింత చొప్పున కుర్చీ ముందుకి జరుపుకుంటూ వచ్చింది. తన వైపు మాటలతో కరగాల్సిందంతా కరిగించింది. మిగిలిన జానెడూ జిస్లేన్ వాటా.

పెదవి మీద ఈగ వాలింది. ఎడ్మే దాన్ని తోలుకోలేదు.

"ఎడ్మే!" అంటూ జిస్లేన్ ఆవిడ ముందు కూలబడి చెయ్యి పట్టుకుంది. వెచ్చగా ఉంది. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. ఇంకో చేత్తో ఆసరాకి కుర్చీని పట్టుకుంది. ఆ ఎండకి అదీ అంతే వెచ్చగా ఉంది.