వలిసె నూనె రాసిన మర్నాడు

ఇలా దగ్గరికి జరగండమ్మా. ఆ పాత టైర్ల గుట్ట మీద కూర్చోండి, మురికేమీ అంటదు. నా గొంతు పెద్దది కాదు. పైగా చెప్పబోయేది గట్టిగా చెప్పుకునే మాటా కాదు.

నేను ఒక కొండసైకిల్ని. పాలవాళ్లూ పోస్టుమేన్లూ తొక్కే రకాన్ని కాదు. లావు టైర్లు, ముందు కాళ్లలో స్ప్రింగులు, రాళ్ల మీద ఎగిరి పడడానికని చేసిన ఒళ్లు. ఎక్కడ పుట్టావంటే చెప్పలేను. పెద్ద రేకుల షెడ్డు గుర్తుంది. ఒకరు చక్రం బిగిస్తే ఇంకొకరు గొలుసు తొడిగేవారు, ఎవరూ నా మొహంకేసి చూసేవారు కాదు. నా ఒంటి మీద ఏవో అక్షరాలు రాశారు. చదువు లేనిదాన్ని, అవేమిటో ఈనాటికీ తెలియదు. చూసింది మాత్రం ఒక్కటీ మరిచిపోను. వచ్చిన చిక్కల్లా అదే.

మొదట నన్ను కొన్నది విశాఖపట్నంలో కమలాకర్ అనే ఆయన. పొట్ట తగ్గించుకుందామని కొన్నాడు. బీచి రోడ్డు మీద మూడు ఆదివారాలు తొక్కి, ముప్పై ఫోటోలు తీయించుకున్నాడు. నాలుగో ఆదివారం నుంచి బాల్కనీలో నా హ్యాండిల్ మీద ఆయన బనియన్లు ఆరేవి. కొండలెక్కడానికి పుట్టినదాన్ని, రెండేళ్లు తడిబట్టలు మోశాను. నవ్వకండి. ఆ రోజులే నయమని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. బనియన్ల వల్ల ఎవరి చెయ్యీ విరగలేదు.

అక్కడి నుంచి అరకు అవతల ఒక ఏటి లోయకి చేరాను. టూరిస్టులకి గుడారాలు వేసి, సైకిళ్లిచ్చి కొండదారుల్లో తిప్పే క్యాంపు ఒకటి ఉండేది. ముందు వెళుతూ దారి చూపించడానికి ఏటికి అవతల కొర్రగుడ అనే ఊరి పిల్ల చంపాని పనిలో పెట్టుకుని నన్ను ఆమెకి అప్పగించారు. ఇరవై రెండేళ్లుంటాయేమో. ఆ పిల్ల నన్ను తొక్కిన మొదటి రోజే నేనెందుకు పుట్టానో నాకు తెలిసింది. వలిసె పూల పసుపు మధ్య నుంచి, కాఫీ తోటల నీడలోంచి, ఏటి ఒడ్డున గులకరాళ్ల దాకా దిగేవాళ్లం. వెనక పట్నం వాళ్లు నేనంటే నేనని పోటీలు పడితే చంపా మలుపు దగ్గర ఆగి, "మెల్లగా రండి బాబూ, ఏరు ఎక్కడికీ పోదు" అనేది. జాగ్రత్త గల పిల్ల. తర్వాత ఊరంతా వేరేలా చెప్పుకుంది.

చంపా తల్లి బుద్రమ్మ. ఏడాదిలో సగం రోజులు ముసురు పట్టే చోటు అది. ఇనుము అన్నది కంటబడితే ఆవిడ నూనె పెట్టకుండా ఊరుకోదు. గొడ్డలికీ, కొడవలికీ, తలుపు గొళ్లేనికీ సొంత పొలంలో పండిన వలిసెల నూనె పట్టించేది. దసరానాడు ఇంట్లో పనిముట్లన్నీ కడిగి వాకిట్లో వరసగా పేర్చి, నూనె రాసి పసుపూ కుంకుమా పెట్టడం వాళ్ల ఆనవాయితీ. ఆ ఏడు వరస చివర నన్నూ నిలబెట్టింది. చంపా ఏటికి స్నానానికి వెళ్లింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పాత సైకిళ్ల బ్రేకు రబ్బరు ముక్క, అది చక్రం అంచుని పట్టుకుంటుంది. నాకు అలా కాదు. చక్రం నడిమిన పల్చటి ఇనుప పళ్లెం తిరుగుతుంటే దాన్ని రెండు దవడలు కరిచి పట్టుకుంటాయి. ఆ పళ్లెం పొడిగా ఉంటేనే నేను ఆగగలను.

బుద్రమ్మ దాన్ని వేలితో తడిమింది. "ఓలమ్మా, పొడారిపోనాదే తల్లీ. ఇన్నాళ్లూ నీకెవులూ సుక్క నూనె పెట్టనేదేటి" అంది. మెత్తటి గుడ్డ ముంచి రెండు చక్రాల పళ్లేలకీ అటూ ఇటూ రాసింది. దవడల సందులోకి కూడా నాలుగు చుక్కలు వేసింది.

నిజం చెప్పొద్దూ, నాకు హాయిగా ఉంది. పుట్టాక నన్నెవరూ అంత ప్రేమగా తడిమింది లేదు. వద్దనాలన్న ఆలోచనైనా రాలేదు. నోరు లేదు కాబట్టి తప్పు లేదంటారేమో. నోరుంటే మాత్రం వద్దని ఉండేదాన్నా? ఆ మాటే నన్ను కొరుక్కు తింటోంది.

మర్నాడు పొద్దున్నే చంపా నన్ను కొండ మీదికి నెట్టుకెళ్లింది. దారంతా ఎక్కుడే, బ్రేకుతో పనే పడలేదు. పైన నలుగురు టూరిస్టులు సిద్ధంగా ఉన్నారు. చంపా ఎప్పటిలాగే ముందు దిగింది. మొదటి వాలులో బ్రేకు నొక్కింది. నా దవడలు పళ్లేల్ని పట్టుకున్నాయి, పట్టుకుని జారిపోయాయి. మళ్లీ నొక్కింది. మళ్లీ జారాయి. రెండు కాళ్లూ నేలకి ఆనించి ఈడ్చింది, చెప్పు తెగిపోయింది. ముందు మలుపు. మలుపుకి ఒక పక్క బండ, ఇంకో పక్క తాడెత్తు లోతున ఏరు.

ఆ మలుపులోంచి డొంబురు పైకి వస్తున్నాడు. బుద్రమ్మకి తమ్ముడు, చంపాకి మేనమామ. జీలుగు చెట్లెక్కి కల్లు దించడం ఆయన పని. భుజాన కావడి, కావడికి రెండు కుండలు.

"మావా, తప్పుకో, బిరేకు పడ్డంలేదు" అని అరిచింది చంపా.

బండకి అతుక్కుని నిలబడి ఉంటే ఆయనకేమీ అయ్యేది కాదు. మేం నేరుగా ఏట్లోకి పోయేవాళ్లం. ఆయన కావడి వదిలేసి దారికి అడ్డం వచ్చి, రెండు చేతులతో నా హ్యాండిల్ పట్టుకుని బండ వైపు తోశాడు. నేను ఆగాను. ఆయన కుడి మణికట్టు నాకూ బండకీ మధ్య ఉండిపోయింది. ఎముక విరిగిన చప్పుడు నా ఇనుములో నుంచి పోయింది.

ఆయన నా చక్రం మీద వాలి, పళ్లు బిగించి, "ఏటే గుంటా, కల్లు తాగినోడిని నానా నువ్వా?" అన్నాడు.

క్యాంపు వాళ్లు చంపాని పనిలోంచి మాన్పించి, బాకీ జీతం కింద నన్ను ఆమెకే వదిలేశారు. బాగుచేయించడానికి చంపా నన్ను ఏటికి ఇవతల అప్పలసూరి సైకిల్ షాపుకి తెచ్చింది. మీరు కూర్చున్నది ఆ షాపు వెనకే. అప్పలసూరి నా పళ్లేన్ని వేలితో తుడిచి వాసన చూశాడు.

"వలిసె నూనె. ఎవులు రాసినారు?"

"నానే."

"అన్నీ నేర్సుకున్నదానివి. బిరేకుకి నూనె రాస్తావేటి?"

"రాసీసేను. మరింక అడక్కు సూరన్నా. మాయమ్మకి సెప్పకు."

అతను సబ్బునీళ్లు కలుపుకున్నాడు.

డొంబురు చెయ్యి వంకరగా అతుక్కుంది. ఇంక చెట్టెక్కలేడు. అన్నం ముద్ద కట్టుకోవడానికి కూడా వేళ్లు మడతపడవు. బుద్రమ్మ రోజూ మధ్యాహ్నం తమ్ముణ్ని వాకిట్లో కూర్చోబెట్టి తన చేత్తో తినిపించేది. తినిపిస్తూ కూతుర్ని తిట్టేది.

"సైకిలెక్కితే కళ్లు కనబడవే నీకు. సెట్టెక్కి బతికినోడే ఈడు. ఆ సెయ్యి నువ్వు తెచ్చి ఇస్తావా?"

చంపా తలవంచుకుని వినేది. గోడకి ఆనుకుని నేనూ వినేదాన్ని. ఒకనాడు బుద్రమ్మ నీళ్లకి లోపలికి వెళ్లినప్పుడు డొంబురు మెల్లగా అన్నాడు.

"ఆయేళ సక్రం మీద పడితే నా మొకానికి నూనె అంటింది గుంటా. మాయప్ప, అదే మీయమ్మ, సేతి నూనె వాసన నాకు తెల్దేటి."

"మావా..."

"ఊరుకో. దానికి తెలిసిందంటే ఈ ముద్ద పెట్టడానికి సెయ్యి రాదు. నాను తినలేను."

బుద్రమ్మ నీళ్లు తెచ్చి, తర్వాత ముద్ద కలిపింది. ఆయన నోరు తెరిచాడు. ఆ వాకిట్లో నిజం తెలిసినవాళ్లం ముగ్గురం, తెలియనిది ఆవిడొక్కతే. తిడుతున్నదీ ఆవిడే, ఏడుస్తున్నదీ ఆవిడే.

చివరికి "అది నా ఇంట ఉండడానికి వీల్లేదు" అని బుద్రమ్మ నన్ను గెంటించింది. ఇక్కడికొచ్చి ఆరేళ్లు. సీటు ఒకరికి, గొలుసు ఒకరికి పోయాయి. నా ముందు చక్రం ఎవరి బండికో తిరుగుతోందట, ఆ పళ్లెంతో సహా. చంపా కాఫీ తోటల్లో కూలికి పోతోంది. ఈ దారినే నడిచి వెళుతుంది. అందరూ ఆమెని ఇంకా మేనమామ చెయ్యి విరగ్గొట్టిన పిల్లనే అంటారు, ఆమె విని ఊరుకుంటుంది.

నేను మీకిలా చెప్పెయ్యడం కూడా ఒక తప్పేనేమో తెలియదు. వాళ్లిద్దరూ దాచుకున్న మాట. కానీ నేను తుక్కులో కలిసిపోతే ఆ పిల్ల తరఫున చెప్పేవాళ్లుండరు. అందుకని మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నానమ్మా. చంపా వేగంగా పోలేదు. ఇది మనసులో పెట్టుకోండి, మీ పిల్లలకి చెప్పండి, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకి చెప్పండి. బుద్రమ్మ బతికున్నన్నాళ్లూ మాత్రం, ఏటికి ఇవతలే చెప్పండి.