తడి రంగు

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోదు. అయినా చెబుతాను. ఆ గేటు చేసిన వెల్డర్ని నేనే.

మా కార్మికుల పేట నుంచి ఆసుపత్రికి తాతలనాటి అడ్డదారి ఉంది. ఆ స్థలం కొన్న యజమాని దారికి అడ్డంగా గేటు పెట్టమన్నాడు. పెట్టాను. ఆ మధ్యాహ్నమే మా వీధి ఇస్త్రీ పెద్దమ్మను గుండెనొప్పితో మంచం మీద మోసుకొచ్చారు. గేటుకు తాళం.

"తియ్యండయ్యా! మా అమ్మ ప్రాణం పోతోంది!" ఆమె కొడుకు కమ్మీలు పట్టుకుని ఊపాడు.

యజమాని కోర్టు కాగితం చూపించాడు. "నా స్థలంలోకి ఎవర్ని రానివ్వాలో నా ఇష్టం. ఇవాళ ఒకరికి తీస్తే రేపు దారే మాదంటారు."

అప్పుడు నేనేమన్నానో తెలుసా? "తడి రంగురా, ముట్టుకోకు" అన్నాను. ఛీ! నా నోరు పడిపోయినా బాగుండేది!

చుట్టూ తిరిగి వెళ్ళేసరికి పెద్దమ్మ దారిలోనే పోయింది. పచ్చరంగు అంటిన చేతులతోనే కొడుకు ఆమెను సాగనంపాడు.

మర్నాడు పేటంతా కూడింది. "కోర్టుకెళ్దాం" అన్నారు కొందరు.

"వెళ్దాం. తీర్పొచ్చేదాకా ఎంతమందిని చుట్టూ మోద్దాం?" అంది మిల్లులో పనిచేసే అక్క. "కాగితం వాడిదే. నడిచి నడిచి దారి చేసింది ఎవరు?"

వెనక నక్కిన నన్ను కొడుకు చూశాడు. "వీణ్ణెవరు రానిచ్చారు? బయటికి పొమ్మనండి!"

"ఉండనీరా. గేట్లు పెట్టడం మన పని కాదు" అంది అక్క.

ఆ మాటకు సిగ్గుతో చితికిపోయాను. ఎలాగో నోరు పెగుల్చుకున్నాను. "గేటును కీళ్ళలోంచి పైకి లేపెయ్యొచ్చు. కానీ లేవకుండా పైన అడ్డుముక్కలు అతికించాను. అవి నేనే కోస్తాను."

ఎవరూ భేష్ అనలేదు. నన్నెందుకు మెచ్చుకుంటారు?

పట్టపగలు పదిగంటలకు, అందరూ చూస్తుండగా కోశాను. నలభై భుజాలు ఒక్కసారిగా గేటును లేపి పక్కన పడేశాయి. పోలీసులు దిగారు.

"కోసిందెవడ్రా?"

"నేను" అన్నాను.

"లేపింది నేను" అన్నాడు కొడుకు. "నేనూ" అంది అక్క. "నేను", "నేను"... పేటంతా అదే మాట. యజమాని కాగితం పట్టుకుని అరుస్తూనే ఉన్నాడు. దొరికినవాళ్ళను దొరికినట్టు వ్యాన్లో కుక్కారు.

నేను తలుపు దగ్గరే తలొంచుకుని నిలబడ్డాను. కొడుకు కాస్త జరిగి చోటిచ్చాడు.

"కూర్చో బాబాయ్. ఇక్కడ రంగు ఆరిందిలే."

కూర్చున్నాను గానీ, వాడి మొహం చూడలేకపోయాను. కమ్మీల్లోంచి బయటికి చూశాను. మిగిలిన పేటంతా ఆ దారిలోంచే నడుస్తూ వ్యాను వెనక వస్తోంది.