రోజూ వేసిన మందు

నాకు నోరెక్కువే, కాదనను. ఆ మధ్యాహ్నం క్లినిక్‌లో నర్సమ్మ మీద అంతెత్తున లేచాను.

"రోజూ పొద్దున ఈ గోధుమరంగు ఇన్‌హేలర్ పంపు వేస్తే ఆయాసం రాదన్నారు. ఏదీ? మొన్న మోతాదు కూడా పెంచారు. అయినా నా కూతురు నాలుగు మెట్లెక్కితే రొప్పుతోంది. ఇది మందేనా అసలు?"

బడి నుంచి ఫోనొస్తే లాండ్రీలో ఇస్త్రీ వదిలేసి పరిగెత్తుకొచ్చాను. నీలం పంపు వేశాక పిల్ల అప్పుడే కాస్త తేరుకుని నా ఒళ్ళో కూర్చుంది. పక్కన మా అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. వారమంతా తెల్లారకముందే నేను పనికి వెళ్ళిపోతాను, పొద్దున మందు వేసేది అమ్మే.

"నీలంది ఊపిరి అందనప్పుడు. ఇది మాత్రం పిల్ల బాగున్నా సరే, రోజూ..." అని నర్సమ్మ మొదలెట్టింది.

"నిద్రలో లేపి అడిగినా చెప్తాను లెండి."

ఆవిడకి కోపం రాలేదు. నేర్పడానికి పెట్టుకున్న ఖాళీ పంపు తీసి పిల్ల చేతికిచ్చింది. "ఏదీ బంగారూ, రోజూ ఎలా వేసుకుంటావో చూపించు."

పిల్ల హుషారుగా దిగింది. పంపు బాగా ఊపింది. కిటికీ దగ్గరికెళ్ళి, చెయ్యి బయటికి చాపి రెండుసార్లు నొక్కింది. తర్వాత వాష్‌బేసిన్ దగ్గర నోరు పుక్కిలించి ఉమ్మింది.

"అయిపోయింది!"

నర్సమ్మ నా వైపు చూసింది. నేను మా అమ్మ వైపు చూశాను.

"పసిపిల్లే! రోజూ వేస్తే అలవాటు పడిపోతుందట, ఎదగదట. బాగున్న పిల్లకి మందెందుకని... నువ్వేమో ఎన్నిసార్లు నొక్కామో పంపు మీద అంకె చూస్తావు, అందుకే బయటికి కొట్టించాను."

"ఎదగడానికి ముందు ఊపిరాడాలి కదమ్మా!"

"నన్నొక్కదాన్నే అంటావేం? మీ ఆయనకి చెప్పే చేశాను. 'దానికి చెప్పకండి అత్తయ్యా, ఇల్లు పీకి పందిరేస్తుంది' అన్నాడు."

పిల్ల దగ్గినప్పుడల్లా ఆ మనిషి నా పక్కన కూర్చుని, "ఈ డాక్టర్లంతా దండగ" అని నాతో కలిసి తిట్టాడు. నన్నెంత వెర్రిదాన్ని చేశారు ఇద్దరూ! పరాయివాళ్ళు చేస్తే జుట్టు పట్టుకునేదాన్ని. కన్నతల్లినీ కట్టుకున్నవాణ్ణీ ఏం చెయ్యను?

నర్సమ్మ అసలు పంపుకి గొట్టం తగిలించి, పిల్ల నోట్లో పెట్టించి నొక్కింది. "మెల్లిగా పీల్చమ్మా, ఇంకోసారి."

అమ్మ పిల్లని ఎత్తుకోబోయింది. నేను ఇవ్వలేదు.

పిల్ల మొహం చిట్లించి నాలుక బయటపెట్టింది. "ఛీ, అమ్మా! దీనికి రుచి కూడా ఉంటుందా?"