గోగూ కాదు, గంజాయీ కాదు

బాలసరస్వతి ఆ పువ్వును చూడలేదు. ఎండిన కాయల్నే చూసింది.

చెల్లెలు మంగతాయారు పురిటికని బరంపురం ఆస్పత్రిలో చేరితే, తోడు ఉండటానికి టెక్కలి నుంచి వెళ్లింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు, వైశాఖంలో. ఆస్పత్రి ముందరి పూలమడి ఎండలకు మాడిపోయి, నడుమెత్తు కాడలు మాత్రం మిగిలాయి. తోటమాలి వాటిని పీకి కుప్పవేస్తున్నాడు. కాడల నిండా పెసరకాయల కన్నా సన్నటి కాయలు. ఒకటి నలిపి చూసింది. ఆవాలంతేసి గింజలు రాలాయి. కానీ ఆవాల్లా నున్నగా లేవు. గరుకుగా, నత్తగుల్లల్లా చుట్ట చుట్టుకుని ఉన్నాయి.

"ఇవేం పువ్వులు బాబూ?" అని అడిగింది.

మాలి ఒరియాలో ఏదో చెప్పాడు. అర్థం కాలేదని తల అడ్డంగా ఊపితే మళ్లీ అదే మాట చెప్పి, నవ్వి, గుప్పెడు కాయలు ఆమె చేతిలో పోశాడు. ఆ సాయంత్రమే మంగతాయారుకు ఆడపిల్ల పుట్టింది. ఆ సంబరంలో మాలి చెప్పిన మాట కూడా మరిచిపోయింది.

ఇంటికి వచ్చి కొంగుముడి విప్పి చూపిస్తే భర్త కూర్మనాథం నవ్వాడు. ఆయన తాలూకా కచేరీలో గుమాస్తా.

"ఆవాలు మనూళ్లో దొరకవా? అక్కణ్ణించి మోసుకొచ్చావు?"

"ఆవాలు కావండీ. పూలవిత్తులు."

"ఏం పూలు?"

"అదే తెలీదు. వేస్తే గాని తెలీదు."

తొలకరి పడగానే నూతి పక్కన మడి కట్టి చల్లింది. మొలకలు వచ్చాయి. రోజూ నీళ్లు తోడేటప్పుడు వంగి చూసేది. ఒక్కో తొడిమకు అయిదేసి, ఏడేసి ఆకులు, చేతి వేళ్లు చాచినట్టు. ముట్టుకుంటే వేలికి జిగురు అంటేది. వాసన ఘాటుగా ఉండేది. ఇలాంటి ఆకు వేసే పూలమొక్క ఆమె పుట్టింట్లోనూ లేదు, అత్తింట్లోనూ లేదు.

పక్కింటి వరహాలమ్మ ఒకరోజు గోడ మీంచి చూసింది. ఆవిడది ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు దగ్గర పల్లె. కొడుకు టెక్కలిలో కొబ్బరికాయల కొట్టు పెడితే వచ్చి ఉంటోంది.

"ఓలమ్మ, గోగు ఎంత బాగా ఎదిగిందే!"

"గోగేనంటారా పిన్నీ? ఆకు పుల్లగా లేదే."

"లేతాకు గదేటి. ఉడికితే అదే వత్తాది పులుపు. రెండు గుప్పిళ్లు కోసుకుంతాను."

మర్నాడు పొద్దున్నే వరహాలమ్మ మళ్లీ గోడ దగ్గరకొచ్చింది. మొహం చిన్నబోయి ఉంది.

"గోగు గాదే తల్లీ. ఇసం నాగ సేదు! మావోడు ముద్ద నోట్ల ఎట్టి లేసి పోనాడు. ఇప్పటికీ నాతో మాటాడ్డం నేదు."

బాలసరస్వతికి నవ్వు ఆగలేదు. వరహాలమ్మ కూడా నవ్వేసింది. "మరేటే ఇది?" అని ఇద్దరూ ఆకుల వంక చూస్తూ నిలబడ్డారు.

ఆ వారంలోనే కూర్మనాథంతో పనిచేసే సన్యాసిరావు కాఫీకి వచ్చాడు. కాళ్లు కడుక్కుంటానని నూతి దగ్గరికి వెళ్లినవాడు కడుక్కోకుండానే తిరిగొచ్చాడు.

"కూర్మనాథం, పెరట్లో ఏటి పెంచుతున్నావయ్యా? ఆ ఆకు, ఆ వాసన... గంజాయి కాదూ?"

కూర్మనాథం గ్లాసు కింద పెట్టేశాడు. స్నేహితుడు వీధి మలుపు తిరిగే వరకు ఆగి, గునపం పట్టుకుని పెరట్లోకి నడిచాడు. బాలసరస్వతి వెళ్లి మడి మధ్యలో నిలబడింది.

"తప్పుకో. ఉద్యోగం ఊడుతుంది."

"చివళ్లలో మొగ్గలొస్తున్నాయండీ. అవి విచ్చేదాకా ఆగండి. పువ్వు చూడకుండా పీకితే ఇన్నాళ్లూ నీళ్లు పోసిందెందుకు?"

"అవి విచ్చేలోగా అబ్కారీ వాళ్లొస్తారు!"

చాలాసేపు వాదించుకున్నారు. చివరికి ఆయన గునపం గోడకానించి, తాటాకులు తెప్పించి మడి చుట్టూ దడి కట్టించాడు. అంతవరకు ఆ మొక్కల్ని పట్టించుకోనివాళ్లు కూడా, దడి వెనక ఏం దాచారో అని తొంగి చూడటం మొదలుపెట్టారు.

ఆదివారం నాడు పూరీ వెళ్లే బైరాగి ఒకడు వాకిట్లో నిలిచాడు. బాలసరస్వతి చేటలో బియ్యం తెస్తే ఆయన గొంతు తగ్గించి, "బియ్యం సరే తల్లీ. మీ పెరట్లో ఏదో ఉందని బజార్లో అనుకుంటున్నారు. రెండాకులు ఇప్పిస్తే చాలు" అన్నాడు.

లోపల కూర్మనాథం తలుపు చాటుకు వెళ్లిపోయాడు. బాలసరస్వతి మాత్రం, "రండి స్వామీ. అదేమిటో మీరే చూసి చెప్పండి" అని దడి తప్పించి తీసుకెళ్లింది.

బైరాగి ఎంతో ఆశగా ఒక ఆకు తుంచబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. తొడిమ మొదట్లో, మొక్క ముదిరాక వచ్చిన చిన్న ముళ్లు జంటగా ఉన్నాయి. వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి, ఆకు నలిపి వాసన చూసి, పారేశాడు.

"గంజాయికి ముల్లుంటుందా తల్లీ? ఎవరో గిట్టనివాళ్లు పుట్టించిన మాట" అని పెద్దగా నిట్టూర్చి, మజ్జిగ అడిగి తాగి వెళ్లిపోయాడు. ఒక మనిషి ఆశ భంగపడినందుకు కూర్మనాథం అంతగా సంతోషించడం అదే మొదలు. ఆ పూట దడి తనే విప్పేశాడు.

భాద్రపదంలో ఒక సాయంత్రం, ఎండ తగ్గాక, బాలసరస్వతి చేద నూతిలో వదిలేసి కేక పెట్టింది. మొగ్గలు విచ్చుతున్నాయి. నాలుగే రేకులు, నాలుగూ ఒకవైపే, గులాబీరంగులో. పువ్వులోంచి పొడుగాటి కేసరాలు పిల్లిమీసాల్లా బయటికి చాచుకున్నాయి. కూర్మనాథం వచ్చాడు. వరహాలమ్మ వచ్చింది. ఇలాంటి పువ్వును ముగ్గురిలో ఎవరూ ఎన్నడూ చూడలేదు.

నాలుగు రోజులు గడిచాయి. పైన పూలు విచ్చుతూనే ఉన్నాయి, కాడ కిందుగా పూలు రాలినచోట సన్నటి కాయలు సాగాయి. వాటిని చూసి వరహాలమ్మ, "ఆగు ఆగు" అంటూ వెళ్లి, వాళ్ల కంచె పక్కనుంచి ఒక కలుపుమొక్క పీక్కొచ్చింది. రెండు కొమ్మలూ నూతి గట్టు మీద పక్కపక్కన పెట్టింది.

"సూడు. ఇదీ అయిదాకులే. ఇదీ జిగురే. కాయి సూడు, అదే కాయి!"

"ఏమిటి పిన్నీ అది?"

"వామింట. సిన్నప్పుడు సెవిపోటొత్తే మాయమ్మ దీనాకు పసరే పిండీది. పువ్వు తెల్లగా, ఇంతే ఉంటాది."

బాలసరస్వతి ఆ కలుపుమొక్క మీద పండిన కాయ ఒకటి విప్పింది. అరచేతిలో నత్తగుల్లల్లాంటి గింజలు పడ్డాయి. ఆమె వాటిని మొహం దగ్గరగా పట్టుకుని చూసింది. ఇన్నేళ్లూ దారి పక్కన తొక్కుకుంటూ తిరిగిన మొక్కకూ బరంపురం ఆస్పత్రి పువ్వుకూ చుట్టరికం ఉందన్నమాట!

"అయితే మరి దీని పేరు?" అన్నాడు కూర్మనాథం.

"బరంపురం వామింట" అంది వరహాలమ్మ, తడుముకోకుండా. వీధిలో ఆ పేరే నిలిచింది.

తర్వాత ఒకనాడు కూర్మనాథం కచేరీకి బయల్దేరుతూ పెరట్లోకి వెళ్లి, వెంటనే భార్యను పిలిచాడు.

"నిన్న విచ్చిన గులాబీరంగు పువ్వులు కోసేశావా? ఇవన్నీ తెల్లవేమిటి?"

"కొయ్యలేదండీ. అవే ఇవి. సాయంత్రం గులాబీరంగు, పొద్దుటికల్లా తెలుపు."

"ఎప్పుడు మారతాయి?"

"నాకూ తెలీదు."

ఆయన గొడుగు చంకలో పెట్టుకుని ఒక పువ్వును వంగి చూశాడు. "రేపు చీకటి ఉండగానే నన్ను లేపు. చూద్దాం" అని, కచేరీకి ఆలస్యమవుతోందని గబగబా నడిచాడు.