గుంజడి కొండ

ఆ పొద్దున ఆకాశంలో వెతికినా మబ్బు తునక లేదు. ఊరిని ముంచింది నేను కాదు, కావాలంటే ఎవరినైనా అడగండి అన్నట్టు నీలంగా, నిమ్మళంగా పరుచుకుని ఉంది. తుంగభద్ర మీదుగా పొద్దు లేచి, ఒండ్రు పట్టిన గోడలన్నిటినీ ఒక్క రంగుకు తెచ్చింది. ఇళ్లు పోయినవాళ్లకని బడి పక్కన వేసిన రేకుల షెడ్డు ముందు కూర్చున్న కురుమయ్య ఆ ఆకాశం వంక ఒకసారి చూశాడు. మళ్లీ చూడలేదు.

ఆ రోజు కొడుకు అరవింద్ దినం. అతన్ని పూడ్చిన బొంద దగ్గర పిట్టకు పెట్టాలి, కాకి వచ్చి ముట్టాలి.

షెడ్డులో సరోజ రొట్టెలు చేస్తోంది. వడ్డేపల్లి నుంచి చుట్టాలు జొన్నపిండి తెచ్చారు. పొయ్యి పక్కన కోడిగుడ్డు కూర, పల్లీల తొక్కు అప్పటికే గిన్నెల్లో ఉన్నాయి. కొడుకు ఇష్టంగా తినేవి అవే. మూలన గోడకు ఆనుకుని కురుమయ్య తల్లి హన్మమ్మ కూర్చుంది. వరద నాటి నుంచి ఆమె కొంగు నోట్లో కుక్కుకునే ఉంటోంది.

పక్కింటి భీమన్న వచ్చాడు. భుజం మీద శాలువా ఉంది. ముందురోజు మండలాఫీసు కాడ మీటింగు పెట్టి, వరదలో జనాన్ని దాటించినందుకు కప్పారు. పేపర్లో బొమ్మ కూడా పడింది. భీమన్న గట్టి ఈతగాడు, మంచివాడు. నోరు మాత్రం అతని చేతిలో ఉండదు.

"పోదమా మామా? ఎండ ముదురుతది."

"పోదం."

"నాకొక్కటే సమజ్ అయితలేదు మామా. అందరు దాటినంక గూడ అరవింద్ ఆడనే ఎందుకు నిలబడె? తాడు నడుముకే ఉండె గద. నేనైతే ఎప్పుడో దుంకుతుంటి. పాపం, పోరనికి ఆ టైముకు తెలివి పనిచెయ్యలేదు."

లోపల రొట్టె చరిచే చప్పుడు ఆగిపోయింది.

ఆ మాట భీమన్న ఒక్కడే అనలేదు. ఊరంతా జాలిపడుతూనే అంటోంది. బోరింగు కాడ, బియ్యం పంచే లారీ కాడ సరోజ వింటూనే ఉంది. రోజూ పొద్దుపోయాక మొగుణ్ని ఒకటే అడిగేది, "నా కొడుకు తెలివితక్కువోడా? నువ్వు చెప్పు. వాన్ని పనిల వెట్టుకున్నోనివి." కురుమయ్య బీడీ ముట్టించుకుని బయటికి వెళ్లేవాడు. జవాబు అతనికి తెలుసు.

కురుమయ్యది బావుల పూడిక తీసే పని. ఎండాకాలం వస్తే అమరచింత దిక్కో, వనపర్తి దిక్కో మెట్ట ఊళ్లకు పోయి నెలల తరబడి అక్కడే ఉండేవాడు. ఇంటరు ఆపేశాక అరవింద్ కూడా వెంట వచ్చాడు. తండ్రి మోకు పట్టుకుని బావిలోకి దిగితే కొడుకు గట్టు మీద మోకు పట్టి నిలబడేవాడు. ఆ పనికి ఒకటే కట్టుబాటు. దిగినవాడు పైకెక్కి, గట్టు మీద రెండు కాళ్లూ ఆనించి, "అందిన, ఇడువు" అనాలి. ఆ మాట చెవిన పడేదాకా పట్టినవాడు మోకు వదలకూడదు, నిలబడ్డచోటు నుంచి కాలు తీయకూడదు. తాడు వదులైందని వదలకూడదు. ఎక్కేశాడేమోలే అనుకోకూడదు. అనుకున్నవాళ్ల వల్ల చచ్చినవాళ్లు కురుమయ్యకు తెలుసు. కొడుక్కి మొదటి రోజే, పని మొదలుపెట్టకముందే చెప్పాడు.

అరవింద్‌కు ఒక పిచ్చి ఉండేది. భీమన్న ఇంట్లో టీవీలో మధ్యాహ్నం పూట జపాను బొమ్మల కథ వచ్చేది, తెలుగు మాటలతో. మీసం వచ్చినా చెల్లెలు యమున పక్కన చేరి చూసేవాడు. అందులో ఐదుగురు వీరులు. ఒకడు మంట విసురుతాడు. ఒకడు ఎగురుతాడు. ఒకడు గాలిని కత్తిలా తిప్పుతాడు. ఒక పిల్ల నీళ్లను పిలిస్తే వస్తాయి. ఐదోవాడు ఏమీ చేయడు, మీద పడేదాన్ని మోస్తూ నిలబడతాడు. అతనికి జపాను పేరేదో ఉంది గానీ వాడలో పిల్లలంతా గుంజడు అనేవారు, పాతిన గుంజలా ఉంటాడు గనుక. ఆటల్లో గుంజడు కావడానికి ఎవరూ ఒప్పుకునేవారు కాదు. మిగతావాళ్లు ఉరుకుతుంటే ఒక్కచోటే నిలబడాలి మరి. చిన్నప్పటి నుంచి అరవింద్ అడిగి మరీ గుంజడయ్యేవాడు.

వరదకు ముందు ఎండాకాలం అమరచింత దగ్గర ఒక బావి గట్టున సద్ది తింటూ అరవింద్ ఆ ముచ్చట ఎత్తాడు.

"నాయినా, ఆ ఐదుగుర్ల అసలు హీరో గుంజడే."

"నిలబడుడు గూడ ఒక పనేనారా?"

"నువ్వు బాయిల దిగినప్పుడు నేను జేసేది గదే గద."

కురుమయ్యకు నవ్వొచ్చింది. "మరి వాన్నెందుకు ఎవరు మెచ్చరు?"

"వాడు మోస్తున్నంత సేపు కదలనీకి రాదు నాయినా. టీవీ ఎగిరేటోని ఎంబడే పోతది. ఆఖరి దినం ఏమైందో తెల్సా? రాక్షసుడు ఊరి మీదికి కొండ దొబ్బిండు. గుంజడు కాళ్లు తన్నిపెట్టి పట్టిండు. మిగిలినోళ్లు పోయి రాక్షసున్ని జంపిన్రు. ఊరంతా పండుగ జేసి, కూసోని తిన్నరు. కథ ఒడిసింది."

"అయితే ఏంది?"

"గుంజడు యాడ? తినేటోళ్ల బంతిల లేడు. నేను మంచిగ చూసిన. ఇంక ఆడనే కొండ పట్టుకోని ఉన్నడు. ఒక్కరన్న పోయి, అయిపోయింది, దించురా అని చెప్పిన్రా? చెప్పింటే, అంతసేపు మోసింది వాడని అందరికి తెలుస్తుండె. వాన్ని మించినోడు లేకపోతుండె. కథ జేసినోడే మర్చిపోయిండు."

"చెప్పకుంటె ఏందిరా, చేతులు నొస్తె వాడే దించుతడు."

అరవింద్ నవ్వలేదు. రొట్టె ముక్క తుంచుతూ అన్నాడు, "దించడు నాయినా. కొండ కింద ఎవరన్న మిగిలిన్రేమో వానికి కానరాదు గద."

పిల్లచేష్టలని కురుమయ్య చేతులు కడుక్కుని లేచాడు.

రెండు వేల తొమ్మిదిలో, గాంధీ జయంతి నాడు తుంగభద్ర ఊళ్లోకి వచ్చింది. ఎగువన కర్ణాటకలో పడ్డ వానంతా ఒక్కసారే వచ్చినట్టుంది. దిగువ వాడకూ బడి గడ్డకూ మధ్య వీధి వాగైపోయింది. కురుమయ్య ఇంట్లోని మోకు తెచ్చారు. భీమన్న ఒక కొస పట్టుకుని ఈది, బడి స్తంభానికి కట్టాడు. ఇవతల కట్టడానికి ఏమీ లేదు. మట్టిగోడలు చూస్తుండగానే జారిపోతున్నాయి. మూలింటి రాతి గడప ఒక్కటే నిలిచి ఉంది. అరవింద్ మోకును నడుముకు చుట్టుకుని ఆ గడపకు కాళ్లు తన్ని నిలబడ్డాడు.

"అందరు అందినంక చెప్పు నాయినా. దుంకుత, లాక్కోండ్రి."

ఆ తాడు పట్టుకుని వాడంతా దాటింది. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. భీమన్న చంటిపిల్లల్ని భుజాన వేసుకుని అటూ ఇటూ తిరిగాడు. అందరి చూపూ అతని మీదే. చివరికి కురుమయ్య తల్లిని వీపున కట్టుకుని దిగాడు. నడుమ ఒక అల కొట్టింది. గడ్డ ఎక్కేసరికి హన్మమ్మ కళ్లు తేలేసింది. అతను ఆమెను బడి గోడ చాటున పడుకోబెట్టి కడుపు నొక్కసాగాడు. సరోజ అరికాళ్లు రుద్దింది. జనమంతా అక్కడే మూగారు. ముసలామె నీళ్లు కక్కి దగ్గినప్పుడు అందరూ చేతులెత్తి మొక్కారు, ఏడ్చారు, నవ్వారు.

అప్పుడు కురుమయ్యకు గుర్తొచ్చింది. చాటు దాటి వచ్చి చూసేసరికి మూలింటి గోడ లేదు. గడప లేదు. స్తంభానికి కట్టిన మోకు తెగి నీళ్ల మీద ఆడుతోంది. నీళ్లు తీశాక దిగువన ముళ్లకంపల్లో కొడుకు దొరికాడు. మోకు ఇంకా నడుముకే ఉంది. రెండు పిడికిళ్లూ దాని మీదే బిగిసి ఉన్నాయి.

బొంద దగ్గర విస్తరి వేసి, రొట్టె, గుడ్డుకూర, తొక్కు వడ్డించి అందరూ వెనక్కి జరిగి కూర్చున్నారు. పిట్ట రాలేదు. నది ఒడ్డంతా చచ్చిన గొడ్లు పడి ఉన్నాయి, కాకులకు ఆ రోజుల్లో తిండికి కొదవ లేదు. కానీ ఆ మాట ఎవరూ అనరు. పిట్ట ముట్టకపోతే పోయినవాడికి ఏదో మిగిలిపోయిందనే అనుకుంటారు. ఏం కావాలో ఊహించి మాట ఇస్తారు.

"చెల్లె సదువు ఆపం బిడ్డా, ముట్టు," అంది సరోజ.

పిట్ట రాలేదు.

"నన్ను సూసి అలిగినవా అయ్యా? నీ బదులు నేను పోయేదుండె," అంది హన్మమ్మ.

భీమన్న లేచి శాలువా తీసి బొంద మీద పరిచాడు. "ఇది నీదే తమ్మీ. జర ముట్టరాదు."

పిట్ట రాలేదు. ఎండ ఎక్కింది. యమున అప్పటిదాకా మోకాళ్లలో తల పెట్టుకుని ఉంది. ఒక్కసారిగా తల ఎత్తింది.

"మా అన్నకు అవేం వద్దు! శాల్వలు గీల్వలు ఏం వద్దు! మీకెవ్వరికి అన్న తెల్వదు. గుంజన్ని మర్చిపోయిన్రని అన్న ఎన్ని దినాలు బాధపడ్డడో మీకు తెల్వదు. ఒక్కరన్న పోయి దించుమని చెప్పలేదని…" పిల్ల మళ్లీ మోకాళ్లలో తల దాచుకుంది.

గుంజడంటే ఎవరో అక్కడున్న పెద్దలకు తెలియదు. కురుమయ్యకు తెలుసు.

అతను లేచాడు. విస్తరి దాటి, బొంద తలాపున నిలబడి, కింద మట్టిలో రెండు కాళ్లూ ఆనించాడు. ఊరివాళ్ల వైపు తిరిగాడు.

"నా కొడుకు తెలివిలేక నిలబడలేదు," అన్నాడు. "చెప్పేదాంక కదలొద్దని వానికి నేర్పినోన్ని నేను. అవ్వ దక్కిన సంబురంల చెప్పుడు మరిచిన. నేనొక్కన్నే గాదు, ఈ తాడు పట్టుకోని వచ్చినోళ్లం ఎవ్వరం చెప్పలే. వానికి మనం కానరాలే. ఇంక ఎవరన్న నీళ్లల్ల ఉన్నరేమోనని పట్టుకోనే ఉన్నడు."

భీమన్న తల దించుకున్నాడు. సరోజ మొగుడి వంకే చూస్తోంది.

కురుమయ్య బొంద వైపు తిరిగాడు. బావిలోంచి ఎక్కినప్పుడు వేసే కేక అది, మెట్ట ఊళ్లలో రెండు పొలాల అవతలికి వినపడే కేక. ఆ గొంతుతోనే అరిచాడు.

"అందినం బిడ్డా! అందరం అందినం! అవ్వ గూడ అందింది! ఇగ ఇడువూ…"

కేక నది మీదికి పోయింది. అవతలి ఒడ్డున ఏదో కుక్క మొరిగింది. పిట్ట ముట్టిందో లేదో కురుమయ్య చూడలేదు. ఎవరూ చూడలేదు.

తిరిగి వచ్చి షెడ్డు ముందు చాప పరిచారు. భీమన్న వెళ్లిపోబోతుంటే సరోజ అతని ముందు కూడా పళ్లెం పెట్టింది. తర్వాత కురుమయ్య పళ్లెంలో రొట్టె వేసి, వేసిన చేతిని కాసేపు అతని మణికట్టు మీదే ఉంచింది. హన్మమ్మ నోట్లోంచి కొంగు తీసింది. యమున తన పక్కన ఒకరికి సరిపడా చోటు వదిలి కూర్చుంది. ఎవరూ జరగమనలేదు. పల్లీల తొక్కు గిన్నె చేతులు మారుతూ చాప చుట్టూ తిరిగింది. అందరూ తిన్నారు.