పడుకోబెట్టిన బండలు

డోజరు ముందుకొచ్చేసరికి మొదటి వరసలో బండ పటుక్కున విరిగింది. దాని కిందే ఈరక్క మొగుడు వీరభద్ర ఉన్నాడు.

"ఆపండప్పా! ఆడ మావోళ్లుండారు!" అని అడ్డం పరుగెత్తింది. పోలీసులు రెక్క పట్టి ఈడ్చేశారు.

"ఖాళీ జాగాలో ఎవరుంటారమ్మా?" అంటూ అధికారి ఫోనులో ఫోటో చూపించాడు. నిజమే, ఫోటోలో ఒట్టి బయలే ఉంది.

దాన్ని బయలు చేసింది వీళ్లే, ఖర్మ కాకపోతే! బేతంచెర్ల అవతల నాపరాయి కొట్టి బతికే రాళ్లకొట్టాల జనం వీళ్లు. గనిలో చచ్చిన మనిషిని డోజరు దిగిన ఈ మిట్ట మీదే పూడ్చి, తల దగ్గర పాలిష్ పట్టని బండ ఒకటి నిలబెడతారు. దాని మీద పేరు రాయరు. పొద్దున పనికి పోయేవాళ్లు సుత్తి పిడితో ఆ బండను తట్టి, "దిగుతాండాం, చూస్కో" అని చెప్పిపోతారు. గని కూలేముందు చచ్చినవాళ్లు కిందనుంచి తట్టి చెబుతారని నమ్మకం. నవ్వకండి చదువుకున్న పిల్లలారా! నెత్తికి టోపీ కూడా ఇవ్వని కాంట్రాక్టరు దగ్గర వాళ్లకు ఇంకెవరు దిక్కు?

మొన్న వేసవిలో ఇదే అధికారి ఊళ్లోకొచ్చి కూర్చున్నాడు. "పెట్టుబడి పెట్టేవాళ్లు జాగా చూడ్డానికి వస్తున్నారు. ఐటీ పార్కు, కాల్ సెంటర్ వస్తాయి. కొలువులన్నీ మీ పిల్లలకే. సమాధులు కనబడితే వెనక్కి పోతారు. రెండు రోజులు బండలు పడుకోబెట్టండి, తర్వాత మీరే నిలబెట్టుకోండి," అన్నాడు.

"బండ పడుకుంటే మనిషి లేనట్టేనప్పా, వద్దు," అన్నాడు కూలీల పెద్ద గోపన్న.

కానీ ఈరక్క కూతురు శివకుమారి డిగ్రీ చదివి ఇంట్లో ఉంది. "మ్మా, ఈడ కొలువొస్తే నువ్వు గనికి పోయే పనుండదు," అంది. ఆ మాటకు తల్లి కరిగిపోయింది. అందరికంటే ముందు తానే గడ్డపార వేసి మొగుడి బండను పడుకోబెట్టింది. ఆమెను చూసి తక్కినవాళ్లూ అదే పని చేశారు. ఆ రెండు రోజులు గడిచేలోపే మిట్ట చుట్టూ కంచె లేచింది.

అప్పటినుంచి ఈరక్కకు మనశ్శాంతి లేదు. రొట్టె తడుతున్నా, నీళ్లు తోడుతున్నా నేల కింద టక్, టక్ మని వినబడేది. చెవులు మూసుకుంటే ఇంకా దగ్గరగా వినబడేది.

డోజరు తిరిగిన సాయంత్రం అందరూ గని దగ్గర కూడారు.

"బతికినోళ్లకు కూడు కావల్ల. సచ్చినోళ్లతో ఏం పని?" అన్నాడు ఒకడు.

"నోరు ముయ్‌రా! నా కొడుకు ఆడుండాడు," అని భీమమ్మ వాడి మీదికి లేచింది.

శివకుమారి మధ్యలోకొచ్చింది. "నాకూ కొలువు కావల్లనే. రోడ్డు పక్క సర్కారు బీడు శానా ఉండాది. దాంట్లో కట్టొచ్చు గదా? కట్టరు. ఆడ కాంట్రాక్టరు దొంగగని తవ్వుకుంటాండాడు. వాణ్ణి లేపే దమ్ము లేక మన సచ్చినోళ్లను లేపుతాండారు!"

గోపన్న లేచి సుత్తి కింద పడేశాడు. "రేపట్నుంచి పని బందు," అన్నాడు.

శంకుస్థాపన నాడు ఇద్దరిద్దరు చేరి గని నుంచి ఒక్కో కొత్త బండ మోసుకొచ్చారు. కంచె తోసేసి వేదిక ముందే వరసగా పాతారు. కార్లలో వచ్చినవాళ్లు అద్దాలు దించకుండానే వెనక్కి తిరిగారు. లాఠీలు లేచాయి. గోపన్న తల పగిలింది. ఆడవాళ్లను వ్యానులో కుక్కి స్టేషనుకు తెచ్చారు.

"పేరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఈరక్క ముందుకొచ్చింది. మొగుడి పేరు నోట పలకని ఆడది ఆమె. రేషను షాపులో అడిగినా పక్కవాళ్ల చేత చెప్పించేది.

"వీరభద్ర," అంది.

"మగాడి పేరు చెప్తావేంది? నీ పేరు చెప్పు!"

"ఆ మిట్ట ఆయప్పది. కేసు ఆయప్ప మీద రాసుకో సామీ."

ఇన్‌స్పెక్టరు బల్ల గుద్ది పక్కకు తిరిగాడు. "నీ పేరు?"

"పుల్లన్న," అంది భీమమ్మ. అది కొడుకు పేరు.

"నీది?"

"వీరభద్ర," అంది శివకుమారి.

ఇన్‌స్పెక్టరు గేటు వేయమని అరిచాడు. అప్పటికే చుట్టుపట్ల గనులన్నీ ఆగిపోయాయి. జనం స్టేషను ముందు రోడ్డంతా నిండిపోయి, ఎవరి చచ్చినవాళ్లను వాళ్లు పేరుపెట్టి పిలుస్తున్నారు.